అప్‌డేట్: ఫుట్‌బాల్ లిల్లీ పూసింది

నా ఫుట్‌బాల్ లిల్లీకి (బంతిలా గుండ్రటి పువ్వు పూసే దుంప మొక్క) ఆకులు ఏపుగా వస్తున్నా పువ్వు ఎందుకు రావడం లేదని ఇంతకుముందు అడిగాను కదా, మీరు చెప్పిన కారణమే సరైనది: చలికాలంలోనూ నీళ్లు పోయడం. దుంపకు నిద్ర, అంటే ఎదుగుదల ఆగే విశ్రాంతి, దొరకలేదు. నవంబరులో ఆకులు పసుపుబారగానే నీళ్లు ఆపి, కుండీని ఫిబ్రవరి చివరిదాకా వాన తగలని నీడలో ఉంచాను. మట్టి మార్చలేదు. దీని లావుపాటి వేళ్లు తెగితే ఆ ఏడు పూత పోయినట్టే. మరీ లోతుగా ఉన్న దుంప చుట్టూ పైమట్టి మాత్రం తీసేసి, మెడ బయటికి కనిపించేలా చేశాను.

మార్చిలో వారానికోసారి తడి, మొలక కనిపించాక గుప్పెడు వర్మీకంపోస్టు. ఏప్రిల్ చివర్లో ఎర్రటి చుక్కలున్న కాడ లేచింది. గుండ్రటి పువ్వు విప్పుకుంటే జానెడు వెడల్పు, ప్రతి కేసరం కొసన పసుపు పుప్పొడి. ఎంత అందమో!

పాత పుస్తకాల్లో దీని శాస్త్రీయ నామం హీమాంథస్. ఇప్పుడు స్కాడోక్సస్, ఆఫ్రికా మొక్క. పల్చటి ఆకులో నడిమి ఈనె స్పష్టంగా ఉంటే హీమాంథస్ కాదు, స్కాడోక్ససే. పూత అయ్యాక ఆకులు కోయకండి, వచ్చే ఏటి పువ్వుకు తిండి అవే. దుంప విషం, పిల్లలకూ పశువులకూ అందనివ్వద్దు.