"వినుదట జీవుల మాటలు": ఆ 'అట' ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను సర్వీస్ కమిషన్ పరీక్షలకు చదువుతున్నాను. రాసిన పరీక్ష రద్దయింది. మళ్ళీ ఎప్పుడు పెడతారో తెలియదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదంటే మా అమ్మమ్మ రోజూ గజేంద్రమోక్షం చదువుకోమంది. చదువుతూ ఈ కందం దగ్గర ఆగిపోయాను.

వినుదట జీవుల మాటలు
చనుదట చనరాని చోట్ల శరణార్థుల కో
యనుదట పిలిచిన సర్వము
గనుదట సందేహమయ్యె గరుణావార్ధీ!

'పెద్ద మొనగాడట' అని వెటకారానికి కూడా 'అట' వాడతాం కదా. దేవుణ్ణి పట్టుకుని 'వింటావట, వస్తావట, నాకైతే అనుమానమే' అంటే అపచారం కాదా? పైగా 'లావొక్కింతయు లేదు' అని శరణు వేడేశాక మళ్ళీ సందేహమేమిటి?

జవాబు:
అమ్మా, మంచి చోటే ఆగావు. ముందు వ్యాకరణం చూద్దాం. 'వినుదువు'లో చివరి 'వు' పోతే 'వినుదు', దానికి 'అట' చేరింది. ఇది తద్ధర్మ క్రియ, అంటే ఎప్పుడూ ఉండే స్వభావాన్ని చెప్పేది. 'జీవుల మాటలు వినడం నీ స్వభావమట' అని అర్థం. 'అట' అంటే పెద్దలు చెప్పగా విన్నదే తప్ప తన కళ్ళతో చూసింది కాదని. అంతకంటే అబద్ధమాడకుండా మాట్లాడే దారి గజేంద్రుడికి లేదు. వెటకారం చేసేవాడు అదే ఊపిరిలో 'కరుణావార్ధీ', దయాసముద్రుడా అని పిలవడు.

ఇక నీ రెండో ప్రశ్న. నాకు ఈ ఘట్టంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పద్యాల వరస చూడు. ముందు 'కలడందురు దీనుల యెడ' వస్తుంది. అక్కడ దేవుడు 'వాడు'. ఉన్నాడంటారు, 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అని తనలో తాను అనుకుంటున్నాడు. తరవాత 'లావొక్కింతయు లేదు'. అక్కడ 'నీవే తప్ప నితఃపరం బెరుగ' అంటాడు. 'వాడు' పోయి 'నీవు' వచ్చాడు. నువ్వడిగిన పద్యం దాని తరవాతది. సందేహం ఇంకా ఉంది, కానీ ఇప్పుడు దాన్ని కూడా ఆయనకే చెప్పుకుంటున్నాడు! అనుమానమంతా తీరాకే శరణాగతి అనుకుంటాం మనం. పోతన గజేంద్రుడు అనుమానాన్ని వెంటబెట్టుకునే శరణు జొచ్చాడు. సంస్కృత భాగవతంలో గజేంద్రుడి స్తుతి ఎక్కువగా తత్త్వం మీద నడుస్తుంది. ఈ గుండె దడ పోతన మనకోసం తెలుగులో పెట్టింది.

అతనేం అనుకుని వచ్చాడు? గుంపుతో మడుగుకి వచ్చాడు, దాహం తీర్చుకుని, కాసేపు నీళ్ళలో ఆడి వెళ్ళిపోదామని. మొసలి పట్టుకుంది. పట్టుకోగానే దేవుడా అనలేదు. 'కరి దిగుచు మకరి సరసికి, గరి దరికిని మకరి దిగుచు' అని, అటూ ఇటూ ఈడ్చుకునే ఆ పోరు ఏళ్ళ తరబడి సాగింది. అలా పోరాడినందుకు పోతన ఎక్కడా అతన్ని తప్పుపట్టలేదు. కాబట్టి పుస్తకాలు మూసేయమని ఈ కథ చెప్పదమ్మా. మా ఇంట్లో కుదిరిన పెళ్ళి ఆగిపోయిన రోజుల్లో నేను పట్టుకున్నదీ ఈ కందాన్నే, అందుకే ఇంత చెబుతున్నాను.

ఇంకో మాట. కంఠస్థం చేసేవాళ్ళు పద్యాలు పట్టుకుని మధ్యలో వచనం వదిలేస్తారు, అది నాకు చాలా బాధ. ఈ మొర అయ్యాక వచ్చే వచనంలో భగవంతుణ్ణి 'అరక్షిత రక్షకుండు' అంటాడు, ఏ రక్షణా లేనివాణ్ణి రక్షించేవాడని. అప్పుడు గజేంద్రుడు 'నింగి నిక్కి చూచుచు', నిట్టూర్పులు విడుస్తూ, 'బయలాలకించుచు' ఉన్నాడట. బయలంటే ఖాళీ. ఆ ఖాళీలోకి చెవి పెట్టి వింటున్నాడు. ఫలితం ఇంకా రాలేదు, వస్తుందన్న సూచన కూడా లేదు. 'అల వైకుంఠపురంబులో' ఆ తరవాతి మాట. ముందు ఈ వచనం ఉండబట్టే నాకు ఆ పద్యం అంత గొప్పగా వినిపిస్తుంది.

మరొకరు:
బాగా చెప్పారండీ. ఒకటి కలుపుతాను. 'ఓ యనుదట పిలిచిన' అన్నాడు కదా, పిలిస్తే 'ఓ' అని పలుకుతావట అని. వెంటనే వచ్చే పద్యం చూడండి: 'ఓ కమలాప్త! యో వరద! యో ప్రతిపక్షవిపక్షదూర! కుయ్యో!' అవతలి నుంచి 'ఓ' రాకపోయేసరికి ఇతనే ఓ, ఓ అని పిలుస్తున్నాడు. సందేహం చెప్పి ఊరుకోలేదు, గొంతు పెంచాడు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. 'బయలాలకించుచు' నోట్సులో రాసుకున్నాను. చిన్న సందేహం. చదివేటప్పుడు 'శరణార్థుల కో' దగ్గర ఆపాలా? ఆపితే 'కో' అర్థం కావడం లేదు.

జవాబు:
రెండో పాదం అక్కడ అయిపోతుంది గానీ మాట అవలేదమ్మా. 'శరణార్థులకు' ఒక మాట, 'ఓ' ఇంకో మాట, కలిస్తే 'శరణార్థులకో' అయింది. 'ఓ యనుదట' అని మూడో పాదంలోకి ఒకే ఊపిరిలో వెళ్ళిపో. 'పిలిచిన' దగ్గర ఆగు. 'సర్వము గనుదట' కలిపి చదువు. మీ అమ్మమ్మగారు ఎలా చదువుతారో కూడా అడిగి ఇక్కడ రాయి.