చాటన్ నైట్‌లు: ఒకే వంశమా, చేతులు మారిన పేరా?

వేరుపురుగు:
హాంప్‌షైర్‌లోని చాటన్ హౌస్ గురించి ఎక్కడ చదివినా "1580ల నుంచీ నైట్ కుటుంబానిదే" అని రాస్తారు. వంశవృక్షం గీయడానికి కూర్చుంటే ఆ మాట నిలవడం లేదు. 1679లో సర్ రిచర్డ్ నైట్ పిల్లల్లేకుండా పోయాడు. ఆస్తి ఆడపిల్లల వైపు బంధువులైన మార్టిన్‌లకు వెళ్లింది: మొదట రిచర్డ్, తర్వాత తమ్ముడు క్రిస్టఫర్, ఆ తర్వాత చెల్లెలు ఎలిజబెత్. ఆమె రెండు పెళ్లిళ్లు చేసుకుంటే ఇద్దరు భర్తలూ, వుడ్‌వర్డ్, పీచీ, తమ పేర్లు వదిలి నైట్‌లయ్యారు. 1737లో ఆమె కూడా సంతానం లేకుండానే పోయింది. తర్వాత వచ్చింది బ్రాడ్‌నాక్స్, ఆ తర్వాత ఆస్టెన్. నా లెక్కలో ఇవి నాలుగు వంశాలు, ఒకే బోర్డు. కాదనేవాళ్లు చెప్పండి.

లీడ్స్ తెలుగువాడు:
బోర్డు అనేస్తే ఎలా అండీ? మన దగ్గర దత్తత వెళ్లిన కుర్రాడికి ఇంటిపేరుతో పాటు గోత్రమూ మారుతుంది. అంతమాత్రాన ఆ వంశం తెగిపోయిందని ఎవరూ అనరు కదా. నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ అన్న ఎడ్వర్డ్‌ను థామస్ నైట్ దంపతులు 1783లో దత్తత తీసుకున్నారు. తండ్రి పిల్లవాణ్ని అప్పగిస్తున్న నల్ల నీడబొమ్మ కూడా ఉంది. ఇంకేం కావాలి?

కరణం_లెక్క:
ఆ బొమ్మను కాస్త దగ్గరగా చూడండి. చదరంగం బల్ల దగ్గర ఆడవాళ్లు కూర్చుని ఉంటారు, వాళ్ల ముందుకు చిన్న కుర్రాణ్ని తెస్తున్నట్టు ఉంటుంది. ఎడ్వర్డ్ పుట్టింది 1767 అక్టోబరులో, అంటే 1783కి పదిహేనో పదహారో ఏళ్లవాడు. బొమ్మ ముచ్చటగా ఉంది గానీ దస్తావేజుగా పనికిరాదు.

అసలు సంగతి ఏంటంటే, ఇంగ్లండ్ చట్టంలో దత్తత అన్నదే 1926 చట్టం దాకా లేదు. 1783లో దత్తహోమమూ లేదు, కోర్టు ఉత్తర్వూ లేదు. ఎడ్వర్డ్‌కి భూమి వచ్చింది వీలునామా వల్ల. 1794లో థామస్ పోతూ భార్య క్యాథరిన్‌కు జీవితకాల హక్కు, ఆమె తర్వాత ఎడ్వర్డ్‌కు అని రాశాడు. మూడు నాలుగేళ్లకే ఆమె ఏడాదికి 2,000 పౌండ్ల భత్యం ఉంచుకుని ఎస్టేట్లు అప్పగించింది. ఆమె 1812లో పోయాకే అతను పేరు మార్చుకున్నాడు, అదీ వీలునామా షరతు ప్రకారమే. దత్తత వల్లే పేరు మారితే ఇరవై తొమ్మిదేళ్లు ఆగుతాడా?

లీడ్స్ తెలుగువాడు:
సరే, చట్టం మాట ఒప్పుకుంటాను. రక్తసంబంధం మాటేమిటి? నైట్‌లు ఆస్టెన్‌లకు బంధువులే గదా, దారినపోయే పిల్లవాణ్ని తెచ్చుకోలేదు.

తాళపత్రం:
బంధువులే, ఏ వైపు నుంచో చూడండి. ఎలిజబెత్ తర్వాత ఆస్తి అందుకున్నది థామస్ బ్రాడ్‌నాక్స్, అంటే ఎడ్వర్డ్‌ను తీసుకున్న థామస్ నైట్ తండ్రి. ఈ బ్రాడ్‌నాక్స్ భార్య జేన్ మంక్. ఆమెకూ, ఎడ్వర్డ్ తండ్రి జార్జ్ ఆస్టెన్‌కూ ముత్తాత ఒకరే, 1705లో చనిపోయిన జాన్ ఆస్టెన్. అంటే సంబంధం ఆ ఇంటికి వచ్చిన కోడలి వైపుది. ఆ దారిలో ఎంత వెతికినా ఎడ్వర్డ్‌కి నైట్ రక్తం చుక్క కూడా తగలదు.

బ్రాడ్‌నాక్స్ కథ ఇంకా సరదా. 1727లో బంధువు ఆస్తి కోసం "మే" అయ్యాడు, 1738లో చాటన్ కోసం "నైట్" అయ్యాడు. రెండుసార్లూ పార్లమెంటులో ప్రైవేటు చట్టమే. ఈయనతో వేగలేక, ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకునేలా ఒకేసారి చట్టం చేసేద్దామని ఒక సభ్యుడు విసుక్కున్నాడని చెప్పుకుంటారు.

వేరుపురుగు:
నేనన్నదీ అదే. పేరు ఆస్తికి కట్టిన ముడుపు.

కరణం_లెక్క:
అక్కడికీ మీతో సగమే ఏకీభవిస్తాను. రక్తం తెగినా పొలం గొలుసు తెగలేదు. జెంట్రీ, అంటే భూస్వామి కుటుంబాలను మనుషుల వెంట కాకుండా భూమి వెంట వెతకాలి. ఆ గొలుసులో బలహీనమైన లంకె ఎక్కడుందో హింటన్ దావా చూపించింది. 1814లో ఊళ్లోని హింటన్‌లు, వాళ్ల బంధువు, ఆల్టన్ బ్రూవరీ కుటుంబానికి చెందిన బేవర్‌స్టాక్, పాత నైట్‌లకు అసలు వారసులం మేమే అంటూ వచ్చారు. ఆస్తి అమ్ముకోకుండా వంశంలోనే దిగేలా వెనకటివాళ్లు రాసిన ఒప్పందాన్ని, అంటే ఎంటైల్‌ను, సరిగా తెంచలేదన్నది వాళ్ల వాదన. 1818లో ఎడ్వర్డ్ 15,000 పౌండ్లు ఇచ్చి రాజీ పడ్డాడు. ఆ డబ్బు కోసం చాటన్ పార్క్ అడవిలో చెట్లు కొట్టించాడు.

తాళపత్రం:
ఎంటైల్ తెంచడం ఎలాగో చెప్పకపోతే ఇది అర్థం కాదు. 1833 చట్టం వచ్చేదాకా దానికి "కామన్ రికవరీ" అనే ఉత్తుత్తి దావా నడిపేవాళ్లు. తమ మనిషి ఒకడు భూమి నాదంటూ దావా వేస్తాడు. భూమి చేతిలో ఉన్నవాడు "నా హక్కుకు పూచీ ఫలానావాడు" అంటూ ఎంటైల్ వారసుణ్ని పిలుస్తాడు. ఆ వారసుడు ఇంకొకణ్ని పూచీ చూపిస్తాడు. ఆ ఇంకొకడు ఎవరయ్యా అంటే కోర్టులో పిలుపులు పిలిచే బంట్రోతు! ఆయన ఇప్పుడే మాట్లాడి వస్తానని బయటికి వెళ్లి మళ్లీ రాడు. తీర్పు దావా వేసినవాడికి. వారసుడికి నష్టపరిహారంగా బంట్రోతు పొలం ఇవ్వాలి. ఆయనకు సెంటు భూమి ఉండదు. ఎంటైల్ పోయినట్టే.

తప్పులు రెండుచోట్ల దొర్లేవి. జీవితకాల హక్కుదారు బతికుండగా ఆయన్ని కలుపుకోకుండా కొడుకొక్కడే నడిపితే రికవరీ నిలవదు. పొలాల జాబితాలో ఒక కమతం మర్చిపోతే ఆ కమతం వరకూ పాత ఎంటైల్ బతికే ఉంటుంది. వందేళ్ల తర్వాతైనా ఎవరో ఒకరు దాన్ని తవ్వి తీస్తారు.

లీడ్స్ తెలుగువాడు:
ఇవన్నీ పరీక్షించాలంటే ఎక్కడ చూడాలి? పుస్తకాల్లోని పట్టికలు ఒకదానికొకటి పొసగడం లేదు.

కరణం_లెక్క:
లండన్ పక్కన క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో రికవరీ చుట్టలు సీపీ 43 వరుసలో ఉంటాయి. కాంటర్బరీ ప్రెరోగటివ్ కోర్టు వీలునామాల నకళ్లు ప్రాబ్ 11లో దొరుకుతాయి, 1858 జనవరి వరకూ. ముందు వీలునామా చదవండి, అందులో "ఫలానా ఒప్పందం ప్రకారం" అని ఉంటే ఆ ఒప్పందం కోసం వెనక్కి వెళ్లండి, తర్వాత రికవరీ. పారిష్ రిజిస్టర్లు చివర్లో చూడండి. చాలామంది రిజిస్టర్‌తో మొదలుపెట్టి, ఒకే పేరున్న ఇద్దరు జాన్‌లను ఒకణ్నిగా కలిపేస్తారు.

తేదీలతో జాగ్రత్త. 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1737 ఫిబ్రవరి అని రాసుంటే మన లెక్కలో అది 1738. పాత దస్తావేజుల్లో రాజ్యపాలన సంవత్సరం ఉంటుంది: ఎలిజబెత్ రాణి 20వ ఏడు అంటే 1577 నవంబరు 17 నుంచి 1578 నవంబరు 16 వరకు. బంధుత్వ పదాలూ అంతే. "కజిన్" అంటే ఏ చుట్టమైనా కావచ్చు, "సన్ ఇన్ లా" అంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి పెళ్లి కొడుకు కూడా కావచ్చు. మనకు మేనమామ, పినతండ్రి వేరువేరు మాటలుండటం ఎంత సుఖమో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

వేరుపురుగు:
అయితే చెట్టు ఎలా గీయమంటారు? నేను 1679 దగ్గర గీత ఆపేస్తున్నాను.

తాళపత్రం:
ఆపకండి, రెండు గీయండి. తండ్రివైపు రక్తానికి నిండు గీత, ఆస్తికి చుక్కల గీత. 1679, 1738, 1812 దగ్గర చుక్కల గీత మాత్రమే దాటుతుంది. ప్రతిచోటా పక్కన వీలునామానో ప్రైవేటు చట్టమో రాయండి.

వేరుపురుగు:
చుక్కల గీత ఎక్కడ ఆపాలి మరి? నైట్‌ల ఇంకో ఎస్టేటు, కెంట్‌లోని గాడ్‌మర్షమ్‌ను 1874లో అమ్మేశారు. చాటన్ హౌస్‌ను 1990లలో సిస్కో సహవ్యవస్థాపకురాలు శాండీ లెర్నర్ తీసుకున్నారు.

కరణం_లెక్క:
ఆమె తీసుకున్నది 125 ఏళ్ల లీజు. లీజుకిస్తే పట్టా పోదు. చుక్కలు ఆపకండి.