ఎత్తు అడుగుల్లో, బరువు కిలోల్లో: ఈ కలగాపులగం కొలతలు ఇంకెన్నాళ్లు?

దశాంశం:
ఎత్తు ఎంత అని అడిగితే అడుగులు, అంగుళాల్లో చెప్తారు. బరువు అడిగితే కిలోలు. టీవీ అంగుళాల్లో, దాని ముందు ఎంత దూరంలో కూర్చోవాలంటే మీటర్లలో. జ్వరం ఫారెన్‌హీట్, ఎండ సెల్సియస్. ఒకే మనిషి ఒకే రోజు రెండు పద్ధతులూ వాడేస్తాడు, ఆ సంగతి గమనించడు కూడా. నా మటుకు నాకు ఇది మానాల్సిన అలవాటు. మెట్రిక్ ఒక్కటే చాలు.

ఎత్తు సంగతే చూడండి. ఐదడుగుల ఎనిమిదంగుళాలని 5.8 అని రాస్తారు. లెక్క ప్రకారం 5.8 అడుగులంటే ఐదడుగుల తొమ్మిదిన్నర అంగుళాల పైమాటే. 5.10 అని కొడితే ఎక్సెల్ చివరి సున్నా మింగేసి 5.1 చేస్తుంది. ఐదడుగుల పది కాస్తా ఐదడుగుల ఒకటై కూర్చుంటుంది. ఎత్తుల వారీగా పేర్చమంటే 5.11 మనిషి 5.8 మనిషి కంటే పొట్టివాడైపోతాడు! అడుగుకి పన్నెండు అంగుళాలు, మన అంకెలేమో పదుల్లో నడుస్తాయి. ఇక గొడవ రాక ఏమవుతుంది?

మూడోవంతు:
దశాంశం గారూ, ఆ తప్పు అంగుళానిది కాదండీ, మధ్యలో పెట్టిన చుక్కది. అడుగులకో గడి, అంగుళాలకో గడి ఇవ్వండి, మీ గొడవ తీరిపోతుంది.

పన్నెండులో ఒక సుఖం ఉంది. సగం ఆరు, మూడోవంతు నాలుగు, పావు మూడు. పెన్ను, కాగితం అక్కర్లేదు. మీటరుని మూడు సమభాగాలు చేయమంటే 33.33 అంటూ తోక పెరుగుతూనే ఉంటుంది. చెక్క కోసేవాడు గీత ఎక్కడ గీయాలి?

పానా_పదమూడు:
అందుకేనండీ మెట్రిక్‌లో పని చేసేవాళ్లు చెక్క షీట్లని మీటరు లెక్కన కాక 1200, 2400 మిల్లీమీటర్ల సైజుల్లో వాడేది. 1200ని రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, దేంతో భాగించినా తోక రాదు. మీ అడుగుని ఐదు భాగాలు చేయండి చూద్దాం. 2.4 అంగుళాలు. ఎనిమిదో వంతులు, పదహారో వంతులు ఉన్న టేపు మీద ఆ గీత వెతుక్కోండి.

నాకు మాత్రం అసలు కోపం బోల్టుల మీద. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. పదమూడో నంబరు పానా దాని తలకి పట్టినట్టే ఉంటుంది. కాస్త బలంగా తిప్పండి, ఆ కొంచెం వదులుకే మూలలు అరిగి తల గుండ్రమైపోతుంది. తర్వాత ఏ పానా పట్టదు. అదే ముప్పావు అంగుళం అయితే 19.05. పంతొమ్మిదో నంబరుతో చాలాసార్లు పని అయిపోతుంది. అక్కడ అయింది కదా అని ఇక్కడ కూడా మొదలుపెడతారు. రెండు పద్ధతులూ ఇలా అటూ ఇటూగా కలవడం కంటే, అసలు ఎక్కడా కలవకపోతేనే మేలేమో అనిపిస్తుంది నాకు.

నిలువుకొల:
మీరందరూ ప్రతి అంగుళాన్నీ కొలత అనుకుంటున్నారు. టైరు మీద 205/55 R16 అని ఉంటుంది. 205 వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం. 16 రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ఒక్క వరసలో ఇంత కలగాపులగం ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడెవరూ లెక్కలు కట్టరు. ఆ నంబరు చదివి అదే టైరు అడుగుతారు. అర అంగుళం స్టీలు పైపు బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం కంటే ఎక్కువే. ఇవన్నీ పేర్లండీ, పేర్లని సంస్కరించి ఏం చేస్తాం?

అయినా 1959 ఒప్పందం నుంచి అంగుళమంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లే. దానికి సొంత కాళ్లు ఎప్పుడో పోయాయి, మీటరు భుజమ్మీదే నడుస్తోంది.

దశాంశం:
టైరు, పైపు ఒప్పుకున్నా. మరి విమానం? 1983 జులైలో ఎయిర్ కెనడా బోయింగ్ 767కి కావాల్సింది 22,300 కిలోల ఇంధనం. ఇంధనం మీటరు పనిచేయక లీటర్లు కొలిచి, 1.77తో లెక్కకట్టారు. 1.77 అనేది లీటరుకి పౌండ్ల లెక్క, కిలోలకైతే 0.8 దగ్గర ఉండాలి. ఉండాల్సినదాంట్లో సగం కూడా లేకుండా ఎగిరింది. ఇంజన్లు గాల్లోనే ఆగిపోతే గిమ్లీ అనే ఊళ్లో పాత ఎయిర్‌బేస్‌లో దింపారు. ఎవరూ చనిపోలేదు, అదృష్టం.

నిలువుకొల:
ఆ 1.77 పక్కన యూనిట్ స్పష్టంగా ఉంటే ఎవరో ఒకరు ఆగి అడిగేవారు కదా. 1999లో అంగారకుడి దగ్గర నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌దీ అదే కథ. ఒకరి సాఫ్ట్‌వేర్ ఇంజన్ తోపుని పౌండ్ల లెక్కలో ఇచ్చింది, అందుకున్నవాళ్లది ఆ అంకెల్ని న్యూటన్లు, అంటే మెట్రిక్‌లో బలం కొలత అనుకుంది. నాలుగున్నర రెట్ల తేడా. అంకె ఒంటరిగా చేతులు మారితేనే ప్రమాదం.

జ్వరంమాత్ర:
యూనిట్ రాస్తే చాలంటే నేనొప్పుకోను. పిల్లలకి మందు కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములని ఇస్తారు. 44 పౌండ్ల పిల్లాడంటే 20 కిలోలు. హడావిడిలో 44ని కిలోల గడిలో కొడితే డోసు రెండింతలు దాటుతుంది. గడి పక్కన యూనిట్ ఉన్నా చేయి ఆగదు. ఇలాంటిచోట తూకం యంత్రమే కిలోలు తప్ప చూపించకూడదు.

జ్వరం దగ్గర ఇంకో తమాషా. 1868లో వుండర్‌లిష్ అనే జర్మన్ డాక్టర్ మామూలు ఒంటి వేడి 37 డిగ్రీలన్నాడు. అది ఉజ్జాయింపు అంకె. ఫారెన్‌హీట్‌కి మారిస్తే 98.6 వచ్చింది. ఆ చివరి ఆరుని చూసి అంత కచ్చితమైన గీత ఏదో ఉందనుకుని, 99 రాగానే టెన్షన్ పడతారు. 99 అంటే 37.2, అంతే.

మూడోవంతు:
ఆసుపత్రి తూకానికి నేనడ్డు రాను, కిలోలే ఉంచండి. మనిషి ఎత్తు మాత్రం వదలండి. 172 సెంటీమీటర్లు అంటే నా కళ్ల ముందు ఎవరూ నిలబడరు. ఐదడుగుల ఎనిమిది అంటే మనిషి కనిపిస్తాడు.

దశాంశం:
173 అండీ. ఐదడుగుల ఎనిమిది 172.72 వస్తుంది.