హ్యూగో పురస్కారాల నిర్వహణ ఆతిథ్య నగరం చేతిలోనే ఉండాలా?

నభోవీధి (చర్చాంశం):

ఏటా ఒక్కో నగరంలో జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం, అంటే వరల్డ్‌కాన్, 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. 1953లో ఫిలడెల్ఫియాలో తొలిసారి ఇచ్చిన హ్యూగో పురస్కారాలకు ఆ సమ్మేళన సభ్యులే రచనలను నామినేట్ చేసి, వాళ్లే ఓట్లు వేసి విజేతలను ఎన్నుకుంటారు. న్యాయనిర్ణేతల సంఘం లేదు. అయితే ఓట్లు లెక్కించేదీ, ఏ రచన అర్హమో తేల్చేదీ ఆ ఏడాది సమ్మేళనం జరిపే నిర్వాహక సంఘం నియమించిన ఉపసంఘమే. ఈ ఒక్క అధికారాన్ని ఆతిథ్య నగరం నుంచి తప్పించి, ఏ నగరానికీ చెందని స్వతంత్ర సంఘానికి అప్పగించాలన్నది నా వాదన.

కారణం 2023లో చైనాలోని చెంగ్డూ నగరంలో జరిగిన సమ్మేళనం. విజేతలను ప్రకటించిన రాత్రే నామినేషన్ల గణాంకాలు విడుదల చేయడం చాలా ఏళ్లుగా ఆనవాయితీ. నియమావళి మాత్రం 90 రోజుల గడువు ఇస్తుంది. అక్టోబరు 22న ముగిసిన చెంగ్డూ సమ్మేళనం గణాంకాలు 2024 జనవరి 20న, అంటే గడువు చివరి రోజున, వెలువడ్డాయి. అప్పటికే అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఇచ్చే నెబ్యులా పురస్కారం అందుకున్న ఆర్. ఎఫ్. క్వాంగ్ నవల ‘బేబెల్’కు తుది జాబితాలో చేరడానికి సరిపడా నామినేషన్లు వచ్చినా, దాని పక్కన ‘అనర్హం’ అన్న ఒక్క మాట తప్ప వివరణ లేదు. కొత్త రచయితల పురస్కారంలో షిరాన్ జే జావో పేరుకూ అదే గతి పట్టింది. ఫిబ్రవరిలో బయటపడిన అంతర్గత లేఖలను చూస్తే, చైనాలో రాజకీయంగా ఇబ్బంది కలిగించే అంశాల కోసం రచయితల రాతలనూ ప్రయాణాలనూ నిర్వాహకులే వెతికి, ఎవరి గురించి ఏం దొరికిందో రాసిపెట్టుకున్నారని తెలిసింది. నేపాల్ వెళ్లివచ్చిన, సైన్స్ ఫిక్షన్ అభిమానిగా వ్యాసాలు రాసే ఒకాయన టిబెట్‌కు వెళ్లాడని కూడా అందులో నమోదైంది. ఏ దేశపు చట్టం కింద సమ్మేళనం జరుగుతోందో ఆ దేశపు భయమే ఓట్ల పెట్టె దగ్గర కాపలా కూర్చుంటే, పాఠకులు ఇచ్చే పురస్కారం అని దానిని ఎలా పిలుస్తాం?

పాతపుటలు:

నభోవీధి గారూ, చెంగ్డూలో జరిగింది అన్యాయమన్న మీ మాటతో నాకు భేదం లేదు. మీరు సూచించిన మందు మాత్రం ఈ రోగానికి సరిపడదు. మీరు చెప్పిన లేఖల్లోనే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఆ వివరాలు సేకరించినవారు అమెరికా, కెనడాలకు చెందిన నిర్వాహకులు. వాళ్లలో కొందరు అంతకుముందు కూడా హ్యూగో నిర్వహణలో అనుభవం గడించినవారు. అంటే మీరు ప్రతిపాదించే స్వతంత్ర శాశ్వత సంఘం ఆనాడే ఉండి ఉంటే, అందులో కూర్చునేది బహుశా ఇటువంటి అనుభవజ్ఞులే. స్థానిక చట్టానికి తలవంచి వాళ్లు ముందుగానే రచనలను తామే కత్తిరించారు. ఆ అలవాటు నగరం మారినంత మాత్రాన పోదు.

అసలు దోషం నియమావళిలోని ఒక నిబంధనలో ఉంది. నిర్వాహక సంఘం సభ్యుల రచనలు కూడా పోటీకి అర్హత కోల్పోకుండా ఉండాలంటే, పురస్కారాల అధికారమంతా ఒక ఉపసంఘానికి అప్పగించాలి. ఆ ఉపసంఘం నిర్ణయాలను నిర్వాహక సంఘం మార్చడానికి వీల్లేదు. పక్షపాతం రాకూడదన్న మంచి ఉద్దేశంతో రాసిన నియమమే ఇక్కడ ఎవరూ ప్రశ్నించలేని అధికారంగా మారింది. ఆనాటి నియమాల్లో అప్పీలుకు చోటు లేదు, కారణం చెప్పవలసిన బాధ్యత లేదు. 2024 జనవరి చివరలో చెంగ్డూ పురస్కారాల ముఖ్య నిర్వాహకుడిని వరల్డ్‌కాన్ పేర్లపై హక్కులు చూసుకునే సంస్థ అభిశంసించింది, ఆయన ఆ సంస్థ నుంచి వైదొలిగారు. కానీ పురస్కార ఫలితాలు మాత్రం అలాగే మిగిలాయి. కాబట్టి మనం అడగవలసింది మరో పీఠాన్ని కాదు, కారణం రాతపూర్వకంగా చెప్పకుండా ఏ రచననూ తొలగించకూడదన్న నియమాన్ని.

తర్వాతి ఏడాది సమ్మేళనం జరిగిన స్కాట్లాండ్ నగరం గ్లాస్గో సంగతి కూడా చూడండి. 2024లో అక్కడి నిర్వాహకులు మొత్తం 3,813 తుది ఓట్లలో 377 ఓట్లు నకిలీవని గుర్తించి, ఒక అభ్యర్థికి మేలు చేయడానికే అవి పడ్డాయని ఫలితాల కంటే ముందే బహిరంగంగా ప్రకటించి, వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ అభ్యర్థికి ఈ విషయం తెలుసనడానికి ఆధారం లేదని కూడా చెప్పి, పేరు బయటపెట్టలేదు. అదే నియమావళి, అదే నగర సంఘం పద్ధతి. మనుషులు తాము చేసినది చెప్పడానికి సిద్ధపడ్డారు, అంతే తేడా.

తూర్పుగాలి:

మీ ఇద్దరి చర్చలోనూ చైనా పాఠకుల ప్రస్తావన లేకపోవడం నాకు బాధ కలిగిస్తోంది. చెంగ్డూ అన్యాయాన్ని ఇంగ్లీషు రచయితలకు జరిగిన అన్యాయంగానే అందరూ చెప్పుకున్నారు. ఒక పత్రిక ప్రచురించిన సిఫారసు జాబితాను అనుసరించి మూకుమ్మడిగా పడ్డాయన్న అనుమానంతో చైనా పాఠకుల నామినేషన్లనూ పక్కన పెట్టారని ఆ లేఖలను బట్టే తెలుస్తోంది. సభ్యత్వానికి డబ్బు కట్టి, తమ భాషలో చదివిన కథలను మొదటిసారి ఈ వేదికపైకి పంపిన పాఠకులు వాళ్లు.

2015లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ‘పప్పీ’ల పేరుతో అమెరికా రచయితల బృందాలు ముందే జాబితాలు కట్టి నామినేషన్లను ముంచెత్తాయి. అప్పుడు ఆతిథ్యం ఇచ్చిన అమెరికా నగరం స్పోకేన్ నిర్వాహకులు ఆ ఓట్లను తీసివేయలేదు, ఎందుకంటే జాబితా చూసి ఓటు వేయడం నియమవిరుద్ధం కాదు. 5,950 మంది తుది ఓటు వేసి, అయిదు విభాగాల్లో ఎవరికీ పురస్కారం వద్దని తీర్పు చెప్పారు. ఆ తర్వాత సర్వసభ్య సమావేశం నామినేషన్ల లెక్కింపు పద్ధతినే మార్చి, వరుసగా రెండు సమ్మేళనాల ఆమోదంతో 2017 నుంచి అమల్లో పెట్టింది. అమెరికన్లు జాబితా కడితే సభ్యుల తీర్పు, చైనీయులు జాబితా కడితే గదిలో కూర్చున్న నలుగురి తీర్పు అన్న ఈ తేడాను ఏ సవరణ సరిచేస్తుంది? శాశ్వత సంఘం ఏర్పడితే, రావడానికి వీలున్నవాళ్లే అందులో ఉంటారు. సర్వసభ్య సమావేశాలకు ఏటా ప్రయాణం చేయగల స్తోమత హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న పాఠకులకు ఎంతమందికి ఉంటుంది? ఓటు హక్కు ఇచ్చే సభ్యత్వానికే దాదాపు 50 డాలర్లు, నాలుగు వేల రూపాయలకు పైనే అవుతుంది.

నభోవీధి:

తూర్పుగాలి గారు ఎత్తిచూపిన తేడా ఈ చర్చలోకెల్లా బరువైన మాట, దానికి సూటిగా జవాబు చెప్పాలి. స్వతంత్ర సంఘం అన్నప్పుడు నేను కోరుతున్నది మనుషుల శాశ్వతత్వాన్ని కాదు, పరిధి వేరు కావడాన్ని. నిన్నటి, నేటి, రేపటి ఆతిథ్య నగరాల నుంచి ఒక్కొక్కరిని తీసుకుని, సమావేశానికి రాలేని సభ్యులు కూడా ఓటు వేసి ఎన్నుకున్న మరికొందరిని కలిపి ఆ సంఘాన్ని ఏర్పరచవచ్చు. అప్పుడు చెంగ్డూ ప్రతినిధి తర్వాతి ఏడాది గ్లాస్గో లెక్కల్లో కూడా ఉంటారు. చైనా నామినేషన్లను తొలగించాలన్న ప్రతిపాదన వస్తే, ఆ భాష చదవగలిగినవారు ఆ గదిలో ఉంటారు.

పాతపుటలు గారు కారణం చెప్పే నియమం చాలన్నారు. చాలదు. కారణం రాయమంటే, స్థానిక చట్టానికి భయపడేవారు భయం అని రాయరు. ప్రచురణ తేదీ సందేహాస్పదమనో, విభాగం సరికాదనో రాస్తారు. ఆ కారణాన్ని మరొక చోట, మరొక చట్టం కింద ఉన్నవారు పరిశీలించగలిగినప్పుడే ఆ నియమానికి పళ్లు ఉంటాయి. గ్లాస్గో నిజాయితీని నేనూ గౌరవిస్తాను, కానీ ఒక బృందం మంచితనం వచ్చే ఏడాది బృందానికి వారసత్వంగా రాదు.

పాతపుటలు:

మరొక చట్టం కింద ఉన్నవారు పరిశీలించాలన్న మాటను ఒప్పుకుంటున్నాను. ఎన్నికైన ఆ సంఘాన్ని లెక్కించే అధికారంతో కాక, తొలగింపులపై అప్పీళ్లు వినే అధికారంతో ఏర్పరిస్తే నాకు అభ్యంతరం లేదు. లెక్కింపు మాత్రం నగరం దగ్గరే ఉండనివ్వండి. స్వచ్ఛందంగా పనిచేసే వందలమంది తమ ఊరి సమ్మేళనంలో ఆ సాయంత్రం కోసమే రెండేళ్లు కష్టపడతారు. ఆ పురస్కారం తమది కాదన్న భావం వాళ్లలో కలిగితే, ఆతిథ్యానికి ముందుకు వచ్చేవాళ్లు తగ్గుతారు.

తూర్పుగాలి:

అయితే మరొక అడుగు ముందుకు వేయండి. ఆతిథ్య నగరాన్ని కూడా సభ్యుల ఓటే నిర్ణయిస్తుంది. 2021 డిసెంబరులో వాషింగ్టన్ సమ్మేళనంలో చెంగ్డూ గెలిచింది అలాగే, కెనడా నగరం విన్నిపెగ్‌పై. తమ దేశంలో ఏ రచనలను ప్రదర్శించలేమో, ఏ రచయితలను ఆహ్వానించలేమో, పోటీకి నిలిచే ప్రతి నగరమూ ఓటుకు ముందే రాసి ఇవ్వాలి. అది ఏ ఖండపు నగరమైనా సరే, ప్రయాణ అనుమతులు నిరాకరించే దేశాలైనా సరే. అది చదివి కూడా సభ్యులు ఆ నగరాన్నే ఎంచుకుంటే, ఓట్ల లెక్కల్లో ఆ కారణానికి ఇక చోటు ఉండకూడదు. పురస్కారాన్ని వేదికపై ఇవ్వలేకపోతే ఇవ్వలేకపోయామని ప్రకటించాలి కానీ, దానికి పడిన ఓట్లు పడలేదని చెప్పకూడదు.