విశాఖలో మూడు నెలలు ఉండాలంటే సముద్రం పక్కనా, లోపలి కాలనీలోనా?

దారిమనిషి
నా పనంతా ల్యాప్‌టాప్ మీదే. నాలుగేళ్లుగా ఊరికి మూడేసి నెలలు ఉంటూ తిరుగుతున్నాను. విశాఖ వస్తున్నానంటే అందరిదీ ఒకటే మాట: బీచ్ రోడ్డు, లేదంటే రుషికొండ. అక్కడ నెల లెక్కన ఇచ్చే గదులు వాకబు చేస్తే 30 వేలకి తక్కువ ఎవరూ చెప్పలేదు. చివరికి మాధవధారలో, కొండ కింది వీధిలో, మేడ మీద సింగిల్ బెడ్రూం పోర్షన్ 8,500కి దొరికింది. జూన్ మొదట్లో దిగాను.

పొద్దున ఐదున్నరకి కింద మామ్మగారు వాకిట్లో కళ్లాపి చల్లే చప్పుడుకి మెలకువ వస్తుంది. ఏడింటికి ఆకుకూరల బండి. తొమ్మిది దాటి పిల్లలు స్కూళ్లకీ పెద్దలు డ్యూటీలకీ వెళ్లిపోయాక సాయంత్రం దాకా ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఇంటి వెనకే కొండ, అక్కడ మాధవస్వామి గుడి, సింహాచలానికి పాత మెట్లదారి. ఎక్కువ రోజులు ఉండేవాళ్లకి ఇలాంటి చోటే సరైనదని నా గట్టి నమ్మకం. సముద్రం చూడ్డానికి వెళ్లొస్తే చాలు, దాని ఒడ్డునే కాపురం పెట్టక్కర్లేదు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

ఉప్పుగాలి
నేను కాదంటాను. పుట్టింది పెదవాల్తేరు, ఉంటున్నది లాసన్స్ బే కాలనీ. బీచ్ రోడ్డంటే మీకు హోటళ్లే కనపడ్డాయి. నాలుగు వీధులు లోపలికి రండి, కరకచెట్టు పోలమాంబ గుడి చుట్టుపక్కల పాత డాబాలు ఇంకా ఉన్నాయి. ప్రశాంతతలో మీ మాధవధారకి ఏమీ తీసిపోవు. అద్దె మీరిచ్చేదానికి రెట్టింపు అవ్వొచ్చు, 30 వేలైతే కాదు.

పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్లు రానివ్వకుండా నడిచేవాళ్లకి వదిలేస్తారు. దానికోసం మీరు మాధవధార నుంచి రోజూ వస్తారా? వారం రోజులు వస్తారు, ఆ తర్వాత మానేస్తారు. మూడు నెలలుండి సముద్రాన్ని ఆదివారాలే చూస్తే విశాఖలో ఉన్నట్టు ఎలాగండీ?

అయితే ఇక్కడి ఇబ్బంది దాచను. ఉప్పుగాలికి ఇనుము ఆగదు. మా బాల్కనీ గ్రిల్లుకి ఏటా రంగు వేయించాల్సిందే. అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్లు మాత్రం సముద్రానికి ఎదురుగా పై అంతస్తు తీసుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నాడు మా ఇంట్లో తూర్పు వైపు కిటికీ అద్దం ఒక్కటీ మిగల్లేదు. మంచం నిలబెట్టి తలుపుకి అడ్డం పెట్టి, నలుగురం వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాం.

మూడో ఇల్లు
మీ ఇద్దరూ మీకేది బాగుంటుందన్నదే మాట్లాడుతున్నారు. ఆ వీధుల్లో ముందునుంచీ ఉన్నవాళ్ల సంగతేంటి?

ఎంవీపీ కాలనీలో తొమ్మిదేళ్లు అద్దెకున్నాం. పాప స్కూలు నడిచెళ్లే దూరం, రైతుబజారు దగ్గర్లోనే. పోయినేడాది ఓనరుగారు పోర్షన్లో మంచం, ఏసీ, వైఫై పెట్టించి నెలవారీ ఇచ్చుకుంటే రెండింతలు వస్తుందని లెక్క చూసుకున్నారు. మర్యాదగానే చెప్పారు, రెండు నెలలు గడువిచ్చారు. ఇప్పుడు ఊరి చివర కొమ్మాదిలో ఉంటున్నాం. పాపకి ఆ స్కూలు మాన్పించడం ఇష్టం లేక అక్కడే ఉంచాం. ఆరున్నరకల్లా టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు మీద నిలబడుతోంది. సాయంత్రం ఇంటికొచ్చి, పుస్తకాల సంచీ భుజం మీద ఉండగానే సోఫాలో నిద్రపోతుంది.

వీధి నెమ్మదిగా ఉందనీ అద్దె తక్కువనీ మీరు మెచ్చుకుంటున్నారు. ఏళ్ల తరబడి కాపురాలున్నవాళ్ల వల్లే అది అలా ఉంది. కుళాయి రాకపోతే వార్డు సచివాలయానికి వెళ్లి అడిగేది వాళ్లే. మూడు నెలల్లో వెళ్లిపోయే మనిషి అడుగుతాడా?

మేడమీద టూలెట్
ఇల్లు ఇచ్చేదాన్ని, నా గోడూ వినండి బాబూ. సీతమ్మధారలో కింద మేముంటాం, పైన పోర్షన్. మూణ్ణెల్లకొచ్చేవాళ్లకి రెండుసార్లు ఇచ్చాను, ఇంక ఇవ్వను.

ఫ్యామిలీకైతే 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటాం. ఇక్కడ అందరూ అలాగే రాసుకుంటారు. మూణ్ణెల్లకోసారి మనిషి మారితే మారినప్పుడల్లా సున్నం, ప్లంబరు, మధ్యలో ఓ నెల ఖాళీ. అదీ సర్దుకోవచ్చు. మొదటొచ్చిన కుర్రాడు మంచివాడే, హైదరాబాదు నుంచొచ్చాడు. మా దగ్గర కుళాయి పొద్దున గంటసేపే వస్తాది. సంపు నింపుకుని మోటారేసి పైకెక్కించాలి. ఓ రోజు మోటారేసి మర్చిపోయాడు. ట్యాంకు నిండిపోయి, పిట్టగోడ మీంచి నీళ్లు పక్కింటావిడ ఆరబెట్టుకున్న వడియాల మీద ధారలాగ పడుతున్నాయి. ఇతను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులో ఉన్నాడు. తలుపు బాది బాది నా చేతులు నొప్పెట్టాయి. ఆవిడ నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. అతనైతే ఎల్లిపోయాడు, ఆవిడ పక్కన ఉండాల్సింది నేను కదా!

ఇంకోటి, అప్పట్లో కరెంటు మీటరు ఒక్కటే. పైన రోజంతా ఏసీ వేస్తే యూనిట్లు పెరిగి, స్లాబు మారి, మా బిల్లూ పెరిగిపోయేది. ఇప్పుడు సబ్ మీటరు పెట్టించాను.

28కె
వచ్చేవాళ్లకి పనికొచ్చే మాటలు కొన్ని. గ్యాసు కనెక్షను లేదని రోజూ బయట తినక్కర్లేదు. 5 కిలోల చిన్న సిలిండరు అడ్రసు ప్రూఫు లేకుండానే గుర్తింపు కార్డు చూసి ఇస్తారు. ఇల్లు వెతికేటప్పుడు ఆర్టీసీ కాంప్లెక్సుకి, అంటే పెద్ద బస్టాండుకి, బస్సు ఉందో లేదో చూసుకోండి. అక్కడ 900కె ఎక్కితే బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లిపోవచ్చు. అద్దె తక్కువని పాతనగరం వైపు చూసేవాళ్లు ముందు కిటికీ గట్టు మీద వేలు రాసి చూడండి. నల్లగా అంటితే అది పోర్టు నుంచొచ్చే బొగ్గు దుమ్ము, రోజుకి రెండుసార్లు తుడిచినా పోదు.

దారిమనిషి
మూడో ఇల్లు గారూ, మీరు రాసింది చదివాక కిందికి వెళ్లి మామ్మగారిని అడిగాను, నాకు ముందు ఎవరుండేవారని. రైల్వే ఉద్యోగి కుటుంబమట. బదిలీ అయి వెళ్లారు, అప్పుడు అద్దె 8,000. ఆ తర్వాత నాలుగు నెలలు టూలెట్ బోర్డు వేలాడింది. ఇంట్లో ఆవిడ కొత్తగా పెట్టించింది ఏమీ లేదు, మడతమంచం నాదే. ఎవరినో లేపేసి ఆ చోటికి రాలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. ఇకమీదట ఏ ఊళ్లోనైనా అడ్వాన్సు ఇచ్చేముందు ఈ సంగతి కనుక్కుంటాను.

మూడు నెలల మనిషికి వీధి పట్టదన్నారు, అది మాత్రం ఒప్పుకోను. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం అప్పన్న గిరిప్రదక్షిణకి మా వీధివాళ్లు రోడ్డు మీద మజ్జిగ పంచారు. నాకు అల్లం, పచ్చిమిర్చి దంచే పని ఇచ్చారు. రాత్రి రెండింటి దాకా గ్లాసులు అందించాను. 32 కిలోమీటర్ల నడకలో మాధవధార చేరేసరికి చాలామంది కాళ్లీడుస్తూ వస్తారు. ఒక పెద్దావిడ గ్లాసు పుచ్చుకుని “ఏ ఊరు బాబూ మీది?” అంది. నేను నోరు తెరిచేలోపే మామ్మగారు “మా మేడమీదబ్బాయే” అన్నారు.

ఉప్పుగాలి
ఆ ప్రదక్షిణ మా అప్పూఘర్ మీదుగానే వస్తుందండీ. అక్కడ సముద్రంలో మునిగి మరీ నడుస్తారు. మజ్జిగ మేమూ ఇస్తాం. వచ్చే ఏడు ఇటు రండి, తర్వాత మాట్లాడుకుందాం.

మూడో ఇల్లు
మీరు ఎవరినీ లేపలేదు, సరే. మరి మీరు ఖాళీ చేశాక? నెలవారీ ఇచ్చుకోవచ్చన్న ఆలోచన ఆవిడకి మిమ్మల్ని చూశాకే రావచ్చు. బోర్డు మీద మళ్లీ ఫ్యామిలీకని, అదే 8,500కి రాయించగలరా? మా తోడల్లుడు మీ పక్కనే మురళీనగర్ చుట్టుపక్కల ఇల్లు వెతుకుతున్నాడు. ఇద్దరు పిల్లలు.

దారిమనిషి
అడిగాను. అదే అద్దెకి ఇస్తానన్నారు. ఈ నెలాఖరుకి నేను ఖాళీ చేస్తున్నాను. ఇల్లు చూసుకోడానికి మీవాళ్లని ఆదివారం పది దాటాక రమ్మనండి, అప్పటిదాకా ఆవిడ పూజలో ఉంటారు.