ఫార్టీసెకండ్ స్ట్రీట్: ఒక్క రోజులో హీరోయిన్ అయిపోవడం అయ్యే పనేనా?

బాల్కనీ_టికెట్:
నిన్న రాత్రి 1933 నాటి ఫార్టీసెకండ్ స్ట్రీట్ సినిమా చూశాను. అందులో ఓ పాటల నాటకం కోరస్‌లో, అంటే వెనక గుంపుగా ఆడిపాడేవాళ్లలో, కొత్తగా చేరిన పెగ్గీ సాయర్ అనే పిల్ల, హీరోయిన్ చీలమండ దెబ్బతినగానే మర్నాడు రాత్రికల్లా ఆ వేషం వేసేసి స్టార్ అయిపోతుంది. నవ్వుకోవడం బాగానే నవ్వుకున్నాను కానీ పాటలు, మాటలు, డాన్సులు అన్నీ ఒక్క రోజులోనా? మా అపార్ట్‌మెంట్ సంక్రాంతి నాటకంలో నాకిచ్చిన నాలుగు ముక్కలు నెలరోజులు బట్టీపట్టి, తీరా స్టేజీ ఎక్కాక టెన్షన్‌లో రెండోది ముందు చెప్పేశాను. నిజంగా ఎక్కడైనా జరిగిందా, ఉత్త కోతేనా?

గజ్జెలమోత:
జరిగిందండీ. 1954లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ద పజామా గేమ్ అనే నాటకం ఆడుతుండగా కరోల్ హేనీ కాలికి దెబ్బ తగిలితే ఆమె అండర్‌స్టడీ షర్లీ మెక్లెయిన్ ఎక్కింది, నిర్మాత హాల్ వాలిస్ చూసి సినిమాల్లోకి తీసుకున్నాడు. అసలు తమాషా ఏంటంటే, ఇదే ఫార్టీసెకండ్ స్ట్రీట్ లండన్‌లో నాటకంగా ఆడుతున్నప్పుడు, 1987లో, పెగ్గీ వేషం వేసే అమ్మాయీ ఆమె అండర్‌స్టడీ ఇద్దరూ రాలేకపోతే రెండో అండర్‌స్టడీని ఎక్కించారు. ఎవరనుకున్నారు? తర్వాత హాలీవుడ్ స్టార్ అయిన కేథరిన్ జీటా జోన్స్.

కాకపోతే అండర్‌స్టడీ అంటే పాత్ర మొత్తం ముందే నేర్చుకుని, పిలుపు కోసం కాచుకుని ఉండే మనిషి. పెగ్గీ అదీ కాదు, కోరస్ పిల్ల. కోత ఉన్నదల్లా అక్కడే.

పాతరీళ్లు:
అందరూ పెగ్గీ అదృష్టం అంటారు గానీ నాకైతే జింజర్ రోజర్స్ వేసిన ఇంకో కోరస్ పిల్ల ఆనీయే గొప్ప. డబ్బు పెట్టినాయన హీరోయిన్‌గా ఆనీనే పెట్టమంటాడు, ఆవిడేమో నా వల్ల కాదు, ఆ పిల్లయితే లాగేస్తుంది అని తప్పుకుంటుంది. బ్యాక్‌స్టేజీలో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి! చివర్లో చూశారా, జనం హాల్లోంచి బయటికొస్తూ ఆ పిల్ల వల్లే ఆడింది, మార్ష్‌కి ఊరికే పేరు అని చెప్పుకుంటుంటే, డైరెక్టర్ మార్ష్ పక్క సందులో ఇనపమెట్ల మీద ఒక్కడే కూలబడి వింటుంటాడు.

గజ్జెలమోత:
ఈ సినిమాని 1980లో నాటకంగా బ్రాడ్‌వేకి తెచ్చిన డైరెక్టర్ గోవర్ ఛాంపియన్‌ది ఇంకా అన్యాయం, సరిగ్గా మొదటి ప్రదర్శన రోజే పోయాడు. చప్పట్లు మోగుతుండగా నిర్మాత డేవిడ్ మెరిక్ స్టేజీ మీదికొచ్చి ఆ సంగతి చెప్పాడు. ఆ నాటకంలో తెర ముందు కాస్తే లేస్తుంది, మనుషులు కనపడరు, వరసగా ట్యాప్ బూట్లే, అడుగేస్తే టకటకమనే డాన్సు బూట్లు. గజ్జె కట్టినదాన్ని కదా, నాకు ప్రాణం అక్కడే లేచొస్తుంది.

బాల్కనీ_టికెట్:
ఆ ఇనపమెట్ల సీను దగ్గర నేను కునుకు తీసినట్టున్నాను. ఇవాళ చివరి పది నిమిషాలు మళ్లీ పెడతా.