సిమెంట్ సైలో పైన వాల్వ్ లేచి పొడి కక్కుతోంది, ఏం చేయాలి?

పటాన్‌చెరు దగ్గర మా ఆర్‌ఎంసీ (రెడీ మిక్స్ కాంక్రీట్) ప్లాంట్‌లో 100 టన్నుల సిమెంట్ సైలో (నిల్వ ట్యాంకు) ఉందండి, పైన బయటికెళ్లే గాలిలో పొడిని ఆపే 24 చదరపు మీటర్ల బ్యాగ్ ఫిల్టర్. బల్కర్ (సిమెంట్ ట్యాంకర్ లారీ) నుంచి గాలితో ఎక్కించేటప్పుడు మొదట్లో బానే ఉంటుంది, ట్యాంకర్ ఖాళీ అయ్యే టైంకి మాత్రం గాలి ఒక్కసారిగా తోసుకొచ్చి ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ లేస్తోంది, పొడంతా పక్క షెడ్డు రేకుల మీద పొరలా పడుతోంది. కింద కుర్రాళ్లు అదే పీలుస్తున్నారు, నా బాధంతా అదే. బ్యాగులు కొత్తవి వేశాం, బ్యాగులు దులిపే పల్స్ జెట్ గాలి 5.5 బార్ ఉంది, ఆ గాలిని వదిలే సోలినాయిడ్ వాల్వులు అన్నీ కొడుతున్నాయి, రిలీఫ్ వాల్వ్ సీటు కూడా క్లీన్ చేయించాం. వాల్వ్ బిగించేయమని కొందరంటున్నారు గానీ సైలోకే ప్రమాదం, అది చేయను. బల్కర్ ప్రెషర్ 1 బార్‌కి తగ్గిస్తే పొడి ఆగుతోంది కానీ అన్‌లోడింగ్ బాగా లేటవుతోందని డ్రైవర్లు ఒప్పుకోవట్లేదు. ఆ చివర్లో వచ్చే గాలిని తట్టుకోవాలంటే ఈ సైలోకి ఫిల్టర్ ఎన్ని చదరపు మీటర్లు ఉండాలి?